విజిల్ ఊదకముందే

మాంచెస్టర్‌లో ఫుట్‌బాల్ లీగ్ ఆఖరి మ్యాచ్ ముగియకముందే ట్రామ్ ఎక్కినవాళ్లం కొద్దిమందిమి. ఎదుటి సీట్లో మా క్లబ్బు కండువా కట్టుకున్న ఒకాయన ఫోన్ మోగింది. ట్రామ్ చప్పుడులో అవతలి ముసలాయన మాట వినబడదని కాబోలు, స్పీకరు పెట్టి మాట్లాడాడు.

"ఒరేయ్, చూశావట్రా! ఆఖరి నిమిషంలో గోల్! కప్పు మనదేరా!"

"అవును నాన్నా."

"రేడియోలో ఒకటే గోల. తలతో కొట్టాడా, కాలితోనా?"

"కాలితోననుకుంటా."

"అనుకోవడమేమిట్రా? గోల్‌పోస్టు వెనకే కదా నా సీటు! మోకాళ్లు మొరాయించబట్టి గానీ, నీకిచ్చేవాణ్ణా? ఆ చప్పుడేమిటి, ట్రామా?"

"ఇక గోల్ పడదనుకున్నాను నాన్నా. రద్దీ అవుతుందని ముందే లేచొచ్చేశాను."

"అయితే ఇన్నేళ్లలో మొదటిసారి నా సీటు ఖాళీగా ఉందన్నమాట."

ఆయన మెడలోని కండువా విప్పసాగాడు. ప్రార్థన ముగియకముందే చర్చిలోంచి లేచొచ్చినవాడిలా నేనూ నా కండువా తీసి సంచిలో దాచుకున్నాను.

"మన క్లబ్బు మూడో డివిజన్‌కి పడిపోయిన ఏడాది, అయిదు గోల్స్‌తో ఓడుతున్నా, నిన్ను భుజానేసుకుని విజిల్ ఊదేదాకా వానలో నిలబడ్డానురా."

"సిగ్గుగా ఉంది నాన్నా."

"ఉండాలి. సరే, ఇంటికి రా. టీ పెడతాను. ఆ గోల్ ఎలా పడిందో నేను చెబుతాను."