చిప్ప సబ్బూ, మంచినీళ్ళూ

చెంచయ్యకి కుడిపక్క పడిపోయింది. పొద్దున్నే లేచి పొది చంకన పెట్టుకుని గడప దాటబోతా అట్నే కూలబడ్డాడంట. పొది అంటే తెలుసుగా, కత్తీ కత్తెరా, కత్తి నూరుకునే తోలుపట్టా అన్నీ పెట్టుకునే మంగలాయన సంచి. చెయ్యి పోయింది, కాలు పోయింది, మాట కూడా పోయిందనుకో. అంటే మొత్తం పోలా. ఒక్కమాట మిగిలింది. 'మంచినీళ్ళు'. ఆకలేసినా మంచినీళ్ళే, ముక్కు మీద ఈగ వాలినా మంచినీళ్ళే, కొడుకు మీద కోపమొచ్చినా మంచినీళ్ళే. అన్ని మాటల్లో ఆ మాటే ఎందుకు మిగిలిందంటే, అది ఆయన జన్మంతా అన్న మాట. ఏ ఇంటికి గడ్డం గియ్యను పోయినా, అరుగు మీద పొది దించీ దించకముందే 'అమ్మా, కాసిని మంచినీళ్ళు' అనేవాడంట. ఊళ్ళో ఆడోళ్ళు ఆయనకి దాహం చెంచయ్య అని పేరే పెట్టారు. 'వచ్చాడమ్మా దాహం, చెంబు తియ్యండే' అని నవ్వుకునేవాళ్ళంట.

నవ్వుతానే ఇచ్చేవాళ్ళు గానీ, ఆ ఊళ్ళో మంచినీళ్ళంటే మాటలు కాదు. పెరట్లో బావి ఉంది, ఏం లాభం, ఉప్పునీళ్ళు. గుడ్డలకీ గొడ్లకీ అవే. మంచినీళ్ళ బావి వాగవతల. బిందె చంకనెత్తుకుని, కాళ్ళు కాలే ఇసకలో నడిచి తెచ్చుకోవాల. ఆ నీళ్ళు తాగను, పప్పుడకేసుకోను, అంతే. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదుగా, పొద్దుగూకిందాకా మంటేసినా గింజ గింజలాగే ఉంటది. అందుకని మంచినీళ్ళతో చెయ్యి కడిగిన కోడలికి ఆ పూట అత్త చేతిలో అయిపోయేది. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది.

చెంచయ్యకి ఒక్కడే కొడుకు, అంకయ్య. పొగాకు కాల్చే బ్యారన్లో పనికి పోతాడు. కత్తి పట్టుకుంటే వాడికి వణుకు, కులపని అబ్బలా. కోడలు నాంచారి. ఆ పిల్ల తల్లి మంత్రసాని, తల్లెంట తిరిగి తిరిగి తనూ పురుళ్ళు పోసేది. పుట్టిన బిడ్డకి బొడ్డుకోసిన చెయ్యి, అది వణికే చెయ్యేనా? కాదు. అయితే ఏమైందంటే, ముసలాయన మంచాన పడి, గడ్డం పెరిగి మొహమంతా కంపచెట్టయిపోయింది. ఊరందరి మొహాలూ నున్నగా చేసిన మనిషి. ఎవరన్నా చూడొస్తే గోడవైపు తిరిగేవాడంట. అట్టా ఉండగా పెదకాపు గురవారెడ్డి వచ్చాడు. 'చెంచయ్యా, ఏమనుకోబాక. ఊరు ఎన్నాళ్ళు గడ్డాలు పెంచుకుంటది? పక్కూరాయన్ని పెట్టుకుంటన్నాం' అన్నాడు. అంటే ఊరు పోయినట్టే, ఆ ఇంటికి కూడు పోయినట్టే. ముసలాయన గోడకేసి తిరిగే 'మంచినీళ్ళు' అన్నాడంట సన్నగా. తలుపు చాటునించి నాంచారి, 'నేను గీస్తాలే రెడ్డీ' అంది. పెదకాపు పకపకా నవ్వాడు. 'ఏందమ్మే, పురుడు పోసి నీళ్ళాడించడం అనుకున్నావా? సరే, ముందు మీ మావ గడ్డం గియ్యి. సంతనాడొచ్చి చూస్తా. గాటు లేకుండా నున్నగా ఉందా, ఊరు నీదే. లేదా, నన్ననబాక' అని పోయాడు.

కత్తితో నాంచారికి బాధ లేదు. బాధంతా సబ్బుతో. చెంచయ్య సబ్బు అంగట్లో దొరికేది కాదు. మేకకొవ్వూ కొబ్బరినూనే కలిపి, సోడాకారం వేసి తనే కాచి, కొబ్బరిచిప్పలో పోసి, అటకమీద ఎండబెట్టేవాడు. రాయిలాగుండేది. ఆయన చేతిలో కుంచె అట్టా తిప్పితే చిప్పనిండా తెల్లగా వెన్నలాగా పొంగేదంట. ఈ పిల్ల తిప్పితే ఏముంది? ఉప్పునీళ్ళ బావిలో చేదేసి, చెంబుడు నీళ్ళు పక్కన పెట్టుకుని తిప్పింది. నురగ లేదు, విరిగిన పాలలాగా తరకలొచ్చినయ్. ఇంకాసిని నీళ్ళు పోసింది, కుడితి అయింది. నీళ్ళు కాచి పోసింది, జిడ్డుతేలింది. ఎండలో పెట్టి మెత్తబరిచింది, గట్టిగా అదిమి రుద్దింది, కుంచె వెంట్రుకలూడినయ్ గానీ అది మాత్రం కరగలా. 'ఇదేం సబ్బే, అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు లాగుంది, ఏమడిగినా పలకదు' అని ఏడుపూ నవ్వూ కలిపి అనుకుంది. అంకయ్య, 'గుడ్డల సబ్బు రాసి లాగెయ్యరాదంటే' అన్నాడు. రాసింది. మంటకి ముసలాయన ఎడంచేత్తో మంచంకోడు బాదాడు. ఇంక ఆ జోలికి పోలా.

రేపు సంతనంగా, ఇంకోసారి చిప్ప ముందేసుకుని కూచుంది. మంచమ్మీద ముసలాయన, కింద ఈ పిల్ల. చూస్తన్నాడు. 'మంచినీళ్ళు' అన్నాడు. లేచి కుండలోవి గ్లాసుతో ముంచిచ్చింది. తాగలా, తోశాడు. మళ్ళీ తిప్పుతా ఉంటే 'మంచినీళ్ళు' అన్నాడు. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ తోశాడు, సగం మంచమ్మీద పోయినయ్. బిందె మోసే నడుముకి తెలుసుగా ఆ నీళ్ళ విలువ! 'మావా, నీకు దాహమన్నా ఉండాల, తిక్కన్నా ఉండాల. ఏదో ఒకటి చెప్పు' అంది. ఈసారి గ్లాసు తనే గుంజుకుని నోటినిండా పోసుకున్నాడంట. హమ్మయ్య తాగాడనుకుంది. తుపుక్కున, నేరుగా ఆ చిప్పలోకి ఉమ్మాడు. 

ఇంక చూసుకోండి. కోడలు పట్టుకున్న చిప్పలో ఉమ్మడమా! అంకయ్య లోపల్నించి 'ముసలోడికి ఎంత పొగరే' అని లేచాడు. నాంచారికి ఏడుపొచ్చింది. తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదంట. తల దించుకుని ఏడుస్తా, కోపాన చేతిలో కుంచె ఆ చిప్పలోనే గిరగిరా తిప్పతా కూచుంది. దేనికి తిప్పతందో తనకే తెలవదు. కాసేపటికి చేతికేదో తేడా తెలిసింది. కళ్ళు తుడుచుకుని చూస్తే, తరకలు లేవు. బుడగలు! గభాలున కుంచె తీసి మావ చెంపకి రాయబోతే, టపటపా పగిలి నీరయిపోయినయ్. ముసలాయన రాయొద్దని తలూపి, ఎడంచేత్తో గాల్లో తిప్పి చూపిచ్చాడు, కవ్వంలాగా. ఇంకా తిప్పు, ఇంకా. అప్పుడర్థమైంది ఆ పిల్లకి. పురిటికాడ తొలి నొప్పికే తొందరపడితే బిడ్డ వస్తదా? రాదు. కూచోవాల. కుంచె తడిపి విదిలించి, అదమకుండా, పైపైన తిప్పింది. ఎండిందనిపిస్తే గ్లాసులో వేలు ముంచి ఒక్క చుక్క. మళ్ళీ తిప్పింది. మళ్ళీ చుక్క. బుడగలన్నీ సన్నబడి, సన్నబడి, ఒక దగ్గర చేరి, చిప్ప అంచు దాటి పొంగింది చూడూ, కుంచె నిలబెడితే నిలబడిందంట.

మరి అది ఏ నీళ్ళు? గ్లాసులోవి, వాగవతలవి. పప్పుడకని నీళ్ళకి సబ్బు మాత్రం ఎట్టా కరుగుద్ది? ఇంటింటా ఆ మడిసి 'మంచినీళ్ళు' అడిగింది గొంతుకి కాదు, గడ్డాలకి! గడ్డానికి కావాలంటే ఏ తల్లి ఇస్తది, బిందె మోసుకొచ్చి? అందుకని దాహమోడని పేరు పెట్టినా నోరెత్తకుండా, ఒక గుక్క తాగినట్టు తాగి మిగతాది చిప్ప పక్కన పెట్టుకున్నాడు. నిజం ఎవరికీ చెప్పలా, ఇంట్లో కూడా. ఇప్పుడు చెబుదామంటే, అబద్ధానికి వాడిన మాటే నోట్లో మిగిలింది. పాపం ఎవరు నమ్ముతారు? నాంచారి లేచి మావకి ఎదురుగా కూచుంది. కాపరానికొచ్చిన కాణ్ణించీ ఆయన మొహం సూటిగా చూసింది లేదు. గడ్డం పట్టుకుని పైకెత్తి, నురగ రాసి, చెంప సాగదీసి కత్తి పెట్టింది. కత్తి కింద ఒక్కో పట్టీ తెల్లగా బయటపడతా ఉంటే, అచ్చం తన మొగుడి మొహమే, ముడతలు పడి. ముసలాయన కళ్ళు మూసుకున్నాడంట, పసిబిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు మూసుకుంటదే, అట్టా.

సంతనాడు పెదకాపొచ్చి, చెంచయ్య చెంప వెనకచేత్తో నిమిరి చూశాడు. 'నా గడ్డం కూడా గీద్దువుగాని రామ్మే' అని మాత్రం అన్నాడు. నాంచారి పొది చంకన పెట్టుకుని ఆ ఇంటి అరుగెక్కింది. పెదకాపు పెళ్ళాం పిచ్చమ్మ బయటికొచ్చి, 'ఏమే, నీకూ మీ మావలాగే దాహమా?' అంది ఎకసెక్కంగా. అవునంటే అయిపోయేది. నాంచారికి ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందంట. కానీ తనూ బిందె మోసేదే. ఆ ఆడోళ్ళ ఎంటే ఇసకలో నడిచేది. 'దాహం కాదు పిన్నమ్మా, గడ్డానికి. మా మావ అడిగిందీ అందుకే. మీరిస్తే గ్లాసుడు చాలు, ఇవ్వనంటే మా కుండలోవి తెచ్చుకుంటా' అంది. పిచ్చమ్మ రెండు చేతులూ నడుముకి పెట్టుకుంది. తిడతదనుకుంది నాంచారి. 'ఓసినీ! ఇన్నేళ్ళూ నేను మోసుకొచ్చిన నీళ్ళు ఈయన గడ్డానికా పోసిందీ! ఏమయ్యోవ్, ఇన్నావా? ఇంక గడ్డం కావాలంటే బిందె నువ్వే ఎత్తుకో' అని లోపలికి పోయింది. పోయి, చెంబు నింపుకునే వచ్చిందనుకో. పెదకాపు మాత్రం తలెత్తలా.

చెంచయ్యకి మళ్ళీ మాట రాలా. పోయిందాకా ఆ ఒక్క మాటే. అయితే ఆయన మంచినీళ్ళన్నప్పుడల్లా నాంచారి గ్లాసు తీసేది కాదంట. దగ్గరికొచ్చి, 'దేనికి మావా?' అని అడిగేది. దుప్పటికా? ఆకలికా? బయట కూచుంటావా? కొడుకు రాలేదనా? అని ఒక్కోటీ అడగతా ఉంటే, కావాల్సింది వచ్చినకాడ ఆయన కళ్ళు మూసి తెరిచేవాడు. ఆఖర్రోజున కూడా మంచినీళ్ళన్నాడు. ఈ పిల్ల అన్నీ అడిగింది, దేనికీ కళ్ళు ముయ్యలా. ఊరికే చెయ్యి పట్టుకుని కూచుంటే, అప్పుడు మూశాడంట.

అదీ సంగతి. మనం మాత్రం ఎవరన్నా నీళ్ళడిగితే గ్లాసు చేతికిచ్చి మన పనికి మనం పోతాం. ఏమ్మా, అట్టా చూస్తారేం, చెప్పీ చెప్పీ నా గొంతెండింది, కాసిని మంచినీళ్ళియ్యండి... ఇదుగో, చూశారా? ఇంత చెప్పినా, దేనికీ అని ఒక్కళ్ళూ అడగలా.