పదేళ్ల నొప్పి

టైల్స్ పరిచే మేస్త్రీ మోకాలు వాచిన కాలు చాపుకుని మంచం మీద కూర్చున్నాడు. కూతురు బీమా కంపెనీ ఉత్తరం చదివి పక్కన పెట్టింది.

"నీ ఆపరేషన్‌కి డబ్బివ్వరట నాన్నా. మూడేళ్ల కిందట పాలసీ తీసుకునేటప్పటికే నొప్పి ఉందని, మనం దాచామని రాశారు."

"మొదలైంది నిరుడే కదమ్మా."

"మరి డాక్టరుతో పదేళ్ల నుంచీ అన్నావట. చీటీలో రాశాడాయన."

"ఏడాదంటే మాత్రలిచ్చి పంపేస్తాడనుకున్నా."

"ఇప్పుడు ఆపరేషనే ఆగింది."

"ఇక అంతేనా? మోకాలు వంగకపోతే నాకు పనెవరిస్తారు?"

"మళ్లీ చూడమని కంపెనీని మనం అడగొచ్చు. రేపు డాక్టరుకి నిజం చెప్పు. ఆయన చీటీ సరిదిద్ది ఇస్తే అర్జీతో పంపిస్తాను."

"తిడతాడేమో."

"తిట్టనీ. ఆయనకేమో పదేళ్లన్నావు, ఇంట్లో అడిగితే ఏమీ లేదన్నావు."

"ఆయనకి చెప్తే వైద్యం చేస్తాడు తల్లీ. మీకు చెప్తే దిగులుపడతారు."