ఎర్ర సిరాతో రాసిన పేరు

యోంగ్జు ఊళ్లో ఆటగాళ్ల ఆసుపత్రి. సైకిల్ పందేల కోచ్ పియో చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటున్నాడు. ఎదురుగా నర్సు యూన్‌జు, చేతిలో అతని రక్తపరీక్ష కాగితం. ఆమె వెనక పక్క మంచానికి అడ్డంగా తెర.

"ఎంతొచ్చింది?"

"పన్నెండొందలు, కోచ్ గారూ."

"పన్నెండొందలా! రెండొందలు దాటకూడదుగా?"

"కండ చితికితేనే ఇంత ఎంజైమ్ రక్తంలోకి దిగుతుంది. చితికింది ఒంటి కండో, గుండె కండో మరి. జాతీయ జట్టు కోచ్ పదవికి ఈ కాగితం పనికిరాదు."

"ఆగమ్మా, ఆగు. నిన్న ఆ పదవి కోసం పెట్టిన ఒంటి పరీక్షలో ముప్పై సెకన్లు ప్రాణం పోయేలా సైకిల్ తొక్కించారు. అందుకే ఇది."

"నిన్న దిగగానే తీసిన రక్తం మామూలుగానే ఉందే?"

"దిగగానే ఎక్కడుంటుందమ్మా! మర్నాటికి గానీ పైకి రాదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, నాకు చెప్తావా?"

"మర్నాటికి గానీ రాదు."

"రాదంటే రాదు!"

"మరి మా బోరంకి సైకిల్ దిగిన అయిదు నిమిషాలకే సూది ఎందుకు గుచ్చారు?"

"...ఎవరికి?"

"ఓమ్ బోరంకి. మిగతా పిల్లలందరికీ మర్నాడు పొద్దున తీశారు. దానికి మాత్రం అప్పటికప్పుడే."

"నువ్వు... దాని అక్కవా?"

"రక్తంలో ఈ అంకె అందరికంటే తక్కువొచ్చిందనీ, అంటే ఒళ్లు దాచుకుని తొక్కిందనీ, భోజనాల గది గోడ మీద దాని పేరు ఎర్ర సిరాతో రాశారు. మన వైపు చచ్చినవాళ్ల పేరే అలా రాస్తారు! జట్టులో దాని చోటు మీ మేనకోడలికి ఇచ్చుకున్నారు."

"పాత సంగతులమ్మా అవన్నీ..."

"ఆ సిగ్గుకి అది వారం రోజులు తిండీ నిద్రా మాని తొక్కింది. మూత్రం సోయా సాస్‌లా నల్లగా పడింది. కిడ్నీలు పోయాయి. మూడేళ్లు, కోచ్ గారూ, ఈ సూది పట్టుకుని మీకోసమే కాచుకుని ఉన్నాను."

"తెలియక జరిగింది! పోయిన వారం విచారణలోనూ అదే చెప్పా."

"తెలియకా? ముప్పై ఏళ్లుగా తెలుసని ఇప్పుడేగా అన్నారు!"

"అబ్బ... సరే, తెలుసు! తెలిసే చేశా. కూతురికి చోటివ్వమని మా అక్క కాళ్లావేళ్లా పడింది, ఏం చెయ్యను? నీకు కావలసింది ఇదేగా? విన్నావుగా? ఇక ఆ కాగితం మార్చు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

"మార్చక్కర్లేదు. ఇందులో ఉన్నది నూట అరవయ్యే. పన్నెండొందలు నేను కల్పించింది."

"అంటే?"

"విచారణాధికారి గారూ, విన్నారుగా? బోరం, తెర తియ్యి. ఎర్ర పెన్ను నీ చేతిలోనే ఉందిగా, రాయి ఈయన పేరు."