కిటికీ పక్క కుర్చీలో ఐదు నిమిషాలు

ముప్పై మూడేళ్ళ క్రితం, జూలై ఒకటో తేదీ ఉదయం, మా మధుమేహ చికిత్సాలయంలో నర్సుగా విధుల్లో చేరి, అంచెలంచెలుగా ప్రధాన నర్సు బాధ్యతల వరకు ఎదిగిన మా పెద్ద సిస్టరుగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మేడమీది రక్తపోటు గదే తొలినుంచీ వారి కార్యక్షేత్రం.

చేరిన కొత్తలో వారిది మహా చురుకు. ఇన్సులిన్ మీదే ఆధారపడి జీవించేవారికి చక్కెర అదుపులో ఉంటే చాలునని అందరిలాగే వారూ తలచేవారు. చిన్ననాటి నుంచీ ఇన్సులిన్ తీసుకుంటున్న, దర్జీ పని చేసే ఒక అమ్మాయికి చక్కెర చక్కగానే ఉండేది. రక్తపోటు మాత్రం ఎక్కువ చూపింది.

"మెట్లెక్కి వచ్చావుగా, అందుకేలే" అని సిస్టరుగారు ఆ అంకెను పక్కన పెట్టేశారు. మరుసటిసారీ అదే మాట. మూడోసారి ఆ అమ్మాయి కాళ్ళ వాపుతో వచ్చింది. మధుమేహంతో ముందే అలసిన మూత్రపిండాలను రక్తపోటు లోలోపల దెబ్బతీస్తోందని పరీక్షల్లో తేలింది. మాత్రలు వేళకు పడ్డాయి కాబట్టి గండం గడిచింది. చికిత్స సాగినన్నాళ్ళూ సిస్టరుగారు ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నారు; తమను మాత్రం తాము క్షమించుకోలేకపోయారు.

ఆ గదిలో కిటికీ పక్కకు కుర్చీ వచ్చింది అప్పుడే. ఎంతటివారైనా వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవలసిందే. ఆ తరువాతే చేతికి రక్తపోటు చూసే పట్టీ. అప్పటికీ అంకె దిగకపోతే వైద్యులను స్వయంగా వెంటబెట్టుకొచ్చేవారు. తెర మెల్లగా ఊగుతూ, ఎండ నేలమీద నెమ్మదిగా జరుగుతూ ఉంటే ఎందరో అక్కడ తమ జబ్బు సంగతే కాసేపు మరిచిపోయేవారు. మేము "ఐదు నిమిషాల అక్కయ్య" అని ఆటపట్టిస్తే వారు నవ్వి ఊరుకునేవారు.

మొన్న ఆ దర్జీయే, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, ఆ కిటికీకి కొత్త తెర కుట్టి తెచ్చింది. పట్టుబట్టి మాచేత సిస్టరుగారి రక్తపోటు చూపించింది. పై అంకె నూట అరవై.

"మెట్లెక్కి వచ్చానమ్మా, అందుకేలే."

"ఆ మాట నా దగ్గరా అక్కయ్యా? కూర్చోండి. మాట్లాడకండి."

ఇన్నేళ్ళలో వారు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. కొత్త తెర గాలికి నిండి, మళ్ళీ వాలింది. తమ వల్ల ఇక్కడ ఎందరు ఇలా నిమ్మళించారో వారికి అప్పుడే తెలిసినట్టుంది. ఐదు నిమిషాలయ్యాక చూస్తే నూట యాభై ఎనిమిది.

"భయంగా ఉందమ్మా" అన్నారు.

"ఆ రోజు నాకూ అంతే. మీరు నా చెయ్యి వదల్లేదుగా" అంటూ దర్జీ ఆ చేతిని అలాగే పట్టుకుంది.

మరో రెండు రోజులు చూసినా అంకె దిగకపోవడంతో వైద్యులు మాత్ర రాశారు. అందరికీ పంచిన ఆ ఐదు నిమిషాలను ఇకపై తమకోసం కూడా దాచుకుని, మాత్ర మరువక, కుటుంబసభ్యుల నడుమ నిండు ఆరోగ్యంతో సిస్టరుగారు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. నెలకోసారి మేడమీదికి రావలసిందిగా ప్రార్థన. మీ కుర్చీ కిటికీ పక్కనే ఉంటుంది.