గడప దాటిన ఉడుము

బాలనర్సమ్మ ఇంటి ముందు ఆమె మరిది లచ్చయ్య నిలబడి ఉన్నాడు. ఏదో ఒకటి తేల్చమని అతను పిలిపించిన కులపెద్ద పోచయ్య అరుగు మీద కూర్చొని వింటున్నాడు.

“ఎన్నిసార్లు చెప్పాలె వదినె? ఉడుము ఇంట్ల జొచ్చింది. ఆరు నెలలు ఇల్లు ఖాళీ చేసి పాడువెట్టాలె. తాళంచెవి ఇయ్యి.”

“ఉడుము గాదు లచ్చయ్య, తొండ.”

“తొండకు మూరెడు తోక ఉంటదా?”

“ముసలి తొండ. మా దొడ్డిలదే.”

“పోచయ్య మామా, నువ్వన్న చెప్పు జర. నవ్వొస్తలేదా నీకు?”

“మామకేమో గని నాకైతే వస్తలేదు. మీ అన్న పోయిన నక్షత్రం మంచిది గాదంటే మూడు నెలలు పాడువెట్టిన. పక్కింటి పుల్లమ్మ వసారల పండుకున్న. మొన్ననే వచ్చి సున్నమేసుకున్న. మల్ల ఎటు పోవాలె?”

“మా ఇంటికి రా. వద్దన్ననా?”

“అప్పుడు గూడ గదే అన్నవు. తాళంచెవి తీసుకొని నా ఇంట్ల దూలం దాకా నీ పత్తి నింపినవు.”

“పత్తి ముచ్చట ఇప్పుడెందుకు?”

“ఇప్పుడే గద ఏరుతున్నరు. అందుకు.”

“నీ మంచికి చెప్తుంటే... ఉడుము జొచ్చిన ఇంట్ల ఎవరన్న దీపం పెడ్తరా?”

“ఉడుమైతే గద. తొండ గాకుంటే మొసలి పిల్ల. కాల్వల నుంచి వచ్చుంటది.”

“మొసలా? మొసలి నాలుక చీలి ఉంటదా? దీనికి పాము లెక్క రెండు చీలికలు.”

“బాట మీద నుంచి చూసిన అన్నవు. నాలుక గూడ కానొచ్చెనా?”

“నా కండ్లు మంచిగున్నయి.”

“కడుపు ఎట్లున్నది?”

“పసుపు పచ్చగ.”

“నేల మీద పాకేదాని కడుపు గూడ కానొచ్చెనా?”

“గోడ... గోడెక్కింది. అప్పుడు చూసిన.”

“గోడెక్కలే. గడప దాటి నా కాళ్ల సందుల నుంచి ఉరికింది.”

“గదే, గడప దాటింది. నువ్వే ఒప్పుకుంటున్నవు. ఇన్నవా మామా?”

“తొండ దాటింది అంటున్న. ఉడుమైతే బరువుంటది లచ్చయ్య. గది తేలికగ, ఎండుపుల్ల లెక్క ఉరికింది.”

“ఎండుపుల్లనా? ఏం మాట్లాడ్తున్నవు వదినె, మూడు కిలోలకు తక్కువ లేదది. నా రెక్క ఇంకా గుంజుతాంది.”

“నర్సమ్మా, తాళంచెవి నీ కొంగుకే కట్టుకో. లచ్చయ్యా, నువ్వు గిట్ల కూసో. దాన్ని తెచ్చిన సంచి ఏడ పారేసినవు?”