ఉరుము గొంతు

వేదిక వెనక, విరిగిన కుర్చీలు పేర్చిన ఇరుకు గది. మైకు ముందు తమ్ముడు, పక్కనే నీళ్ళ సీసాతో వదిన. ఎదురుగా చిన్న టీవీలో వేదిక కనిపిస్తోంది. అన్నయ్య పాట అప్పుడే ముగిసింది. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

"నిజం చెప్పు వదినా. నువ్వు విన్నావా, లేదా?"

"ముందీ నీళ్ళు తాగు. ఒక్క పాటకే చొక్కా పిండేలా తడిసింది."

"నీళ్ళు తర్వాత. అన్నయ్య పాడుతుంటే విన్నావా అని అడుగుతున్నాను."

"స్నానాల గదిలో పాడుకుంటుంటే వినపడదా ఏమిటి. రోజూ వింటూనే ఉన్నాను."

"ఎలా ఉంది?"

"బానే ఉంది."

"బానే అంటే?"

"బానే అంటే బానే. కుళాయి తిప్పి పాడతారు. ఆ నీళ్ళ చప్పుడులో ఏం తెలుస్తుంది."

"అంటే బాలేదన్నమాట."

"నేనలా అన్నానా?"

"ఆపరేషనయ్యాక ఆ గొంతు మాటవరకే వస్తోంది. డాక్టరు నీ ముందే కదా చెప్పాడు, ఇక పాట మాటెత్తొద్దని. ఇప్పుడేమో చివరి పాట నేనే పాడతానని పట్టుపట్టాడు. నువ్వయినా ఆపొద్దూ?"

"నన్నడిగారు. తల తుడుచుకుంటూ బయటికొచ్చి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా నిలబడి, ఎలా ఉందే అని అడిగారు. ఏమనమంటావు?"

"ఏమన్నావు?"

"పూర్వంలాగే ఉందన్నాను."

"వదినా."

"నువ్వయితే ఏమనేవాడివి?"

"నేనా? నేనూ అదే అనేవాణ్ణేమో."

"మరి నన్నెందుకు నిలదీస్తావు? ఉండు, ఏదో మాట్లాడుతున్నారు. విను."

వేదిక మీద అన్నయ్య, జనంతో.

"కూర్చోండి, కూర్చోండి. మీరంతా అలా నిలబడితే నాకు కుర్చీ వెయ్యమని అడగడానికి సిగ్గేస్తోంది."

"ఉరుమన్నా, నువ్వింకా కుర్రాడివే."

"ఎవరు తల్లీ ఆ మాటన్నది? ఇంకోసారి గట్టిగా అను, మా ఆవిడకి వినపడాలి. పొద్దున్నే నా మోకాళ్ళకి మందు రాసింది పాపం."

"ఆ గొంతుకి ఏం తింటావన్నా?"

"తిట్లు. రెండు పూటలా."

"మాట చూస్తే బొంగురు, పాట చూస్తే ఉరుము. ఎలా గురూ?"

"బాగా పట్టావు బాబూ. ఎలా అంటే... ఇంట్లో ఇంకోడున్నాడు. మా తమ్ముడు."

"ఆయన కూడా పాడతాడా?"

"పాడతాడు. నాకంటే బాగా పాడతాడు."

"అయితే పిలవన్నా, మేమూ వింటాం."

"పిలిస్తే రాడు. చిన్నప్పట్నించీ అంతే. ఇంటికెవరైనా వస్తే నేను గుమ్మంలో, వాడు తలుపు చాటున."

వెనక గదిలో.

"ఇప్పుడు నా సంగతెందుకు వదినా?"

"ఏమో. పొద్దుట్నించీ మనిషి మనిషిలా లేరు."

తమ్ముడు సౌండాయనతో మాట్లాడే చిన్న మైకు నొక్కాడు.

"మాస్టారూ, సౌండు మాస్టారూ, నా మాట వినపడుతోందా? చివరి పాటకి అన్నయ్య మైకు తెరవకండి. ఎప్పట్లాగే నా మైకే ఉంచండి."

"ఎలాగండీ? ఆయనే స్వయంగా వచ్చి చెప్పారు. చివరి పాటకి మీ మైకు కట్టేసి తనది తెరవమన్నారు. మీరేం చెప్పినా వినొద్దని కూడా అన్నారు."

"ఆయన పాడలేడని మీకు తెలుసుగా."

"నాకు తెలుసు, మీకు తెలుసు, అమ్మగారికి తెలుసు. ఆయనకి చెప్పేదెవరు? నేను చెప్పలేనండీ. ఆయన చెయ్యి పట్టుకునే ఈ పనిలోకొచ్చాను."

"వదినా, నువ్వు చెప్పు మాస్టారికి."

"నేనేం చెప్పను? ఆపరేషనయ్యాక తొలి కచేరీలో ఆయన నోరు తెరిస్తే ఒట్టి గాలొచ్చింది. నువ్వు వెనకనించి అందుకోబట్టి ఆ పూట గడిచింది."

"ఆ ఒక్క పూటకే అనుకున్నాను. రెండేళ్ళయింది. పులి మీద స్వారీలా ఉంది, దిగడానికి లేదు."

"నీకు మాత్రం పాడాలని లేదా?"

"ఉంది వదినా. అదే నా భయం."

అన్నయ్య నీళ్ళు తాగే వంకతో జనానికి వీపు తిప్పాడు. అతని కాలరుకున్న చిన్న మైకులో మాట్లాడితే గదిలోవాళ్ళకీ సౌండాయనకీ తప్ప ఇంకెవరికీ వినపడదు. వాళ్ళ మాటలు అతని చెవిలోని చిన్న స్పీకరులో వినపడతాయి.

"చిన్నోడా, ఇప్పుడు నా పాట. నువ్వు కాసేపు ఊరికే కూర్చో."

"వద్దన్నయ్యా. ఇంకో రోజు చూద్దాం. డాక్టర్ని ఓ మాటడిగి..."

"అడిగాను. పాడితే ఏమవుతుందో చెప్పాడు. పాడకపోతే నేనేమవుతానో ఆయనకేం తెలుసు."

"జనం ఊరుకోరు."

"తిట్టనీ. లేచి పోనీ. ఆ తిట్లయినా నావవుతాయి. ఈ చప్పట్లు వింటుంటే నీ కంచంలో చెయ్యి పెట్టి తింటున్నట్టుందిరా."

"నేనెప్పుడైనా అలా అన్నానా?"

"అనవు. అనవనే నా బాధ. నా గొంతు ఇంత, ఇంకింతే అని వాళ్ళకి వినపడనీ. ఆ తర్వాత నీ పేరు చెప్పి నిన్ను వేదిక మీదకి పిలుస్తాను. ఈసారి తలుపు చాటున దాక్కున్నావో, చెవి పట్టుకుని లాక్కొస్తా."

"నా కోసమా ఇదంతా? నాకొద్దన్నయ్యా."

"నీ కోసం కొంత. మరీ పాడుగా లేదులే, మీ వదిన వింది. పూర్వంలాగే ఉందంది. ఏమే, అన్నావా లేదా?"

"ఏమండీ..."

"చెప్పు వాడికి."

"మరీ పైకి వెళ్ళకండి. కింద స్థాయిలోనే పాడండి."

"అంతేగా?"

"అంతే."

"విన్నావుగా. మాస్టారూ, నేను చెప్పినట్టే చెయ్యండి."

వేదిక మీద.

"ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న పాట. దానికి ముందో మాట. ఈ పాట నేనే పాడతాను."

"నువ్వు కాక ఇంకెవరు పాడతారు గురూ?"

"నవ్వకండి. చివరిదాకా వినండి, ఆ తర్వాత మీ ఇష్టం.

తాళం పగిలింది, తలుపే మిగి...

తాళం పగిలింది, తలుపే మిగిలింది,
తట్టిన చేతికి..."

వెనక గదిలో.

"వదినా, ఇదా పూర్వంలా ఉండడం? చెప్పు."

"అలా చూడకు నన్ను."

"రేకు మీద గోరు గీసినట్టుంది. మొత్తం హాలు నిశ్శబ్దమైపోయింది చూడు."

"వింటున్నారేమో. శ్రద్ధగా వింటున్నారేమో."

"వినడం కాదు వదినా, అదుగో. నవ్వుతున్నారు."

"ఎందుకూ? తిడితే తిట్టొచ్చు కానీ నవ్వడమెందుకు?"

వేదిక ముందు.

"ముసలాళ్ళ గొంతు భలే పట్టావన్నా."

"మిమిక్రీ కూడా వచ్చా గురూ నీకు?"

"తాళం పగల్లేదన్నా, తాళం తప్పింది."

"నవ్వకండి. కాసేపు... కాసేపు వినండి. ఇది మిమిక్రీ కాదు. ఇదే నా గొంతు."

"మరి ఇందాకట్నించీ పాడిందెవరో?"

"మా తమ్ముడు. ఇక్కడే, వెనక గదిలో ఉన్నాడు. రెండేళ్ళుగా వాడే పాడుతున్నాడు."

"పాపం ఆ తమ్ముడు, అన్నీ ఆయన మీదకే తోసేస్తున్నాడు."

"ఒట్టు. నిజం చెబుతున్నాను, నమ్మండి."

"కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడ్రా, ఏం నటన."

"సినిమాల్లోకి వెళ్ళాల్సినోడివన్నా నువ్వు."

"తట్టిన చేతికి... తట్టిన చేతికి..."

"చాల్లే అన్నా, కడుపు నొప్పొస్తోంది. ఇక అసలు పాట పాడు."

"ఉరుము కావాలి. ఉరుము కావాలి."

వెనక గదిలో.

"నేను వేదిక మీదకి వెళ్తున్నాను వదినా. నిజం నేనే చెప్పేస్తాను."

"పద, నేనూ వస్తాను."

"వెళ్ళి ఏం చెప్పను? ఆయన నోటితో చెబితేనే నమ్మలేదు, నా మొహం చూసి నమ్ముతారా?"

"పాడి వినిపించు. అప్పుడు నమ్మక చస్తారా."

"నమ్ముతారు. నమ్మి ఏం చేస్తారు? ఇప్పటిదాకా చప్పట్లు కొట్టిన చేతుల్తోనే దొంగ అని వేలెత్తి చూపిస్తారు. నేను పాడితే ఆయన దొంగ. పాడకపోతే ఇదుగో, ఇలా విదూషకుడు. ఏది చెయ్యమంటావు?"

"నన్నడక్కు. నాకేం తోచడం లేదు. ఆ రోజు ఆ ఒక్క మాట అనకుండా ఉంటే..."

"ఏడవకు వదినా."

"అరుపులు పెరుగుతున్నాయండీ. మీ మైకు తెరవనా?"

"వద్దు మాస్టారూ. ఆయన అడిగేదాకా వద్దు."

"గిటారు వాళ్ళు ఇటే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పండి."

"నాకు తెలిస్తేగా చెప్పడానికి."

"ఉండండి. జనంతో ఏదో అంటున్నారు."

వేదిక మీద.

"సరే, సరే. నవ్వారుగా? బాగా నవ్వారా?"

"చచ్చిపోయాం అన్నా."

"అమ్మయ్య. ముసలాడు ఎలా పాడతాడో చూపిద్దామనుకున్నాను, కుదిరింది. ఇప్పుడు అసలు పాట. ఒక్క గుక్క నీళ్ళు తాగనివ్వండి."

మళ్ళీ వీపు తిప్పి, గదితో.

"చిన్నోడా."

"అన్నయ్యా, లోపలికి వచ్చేయి. కరెంటు పోయిందనో, ఒంట్లో బాలేదనో చెబుదాం. వచ్చేయి."

"మాస్టారూ, నా మైకు కట్టేసి వాడిది తెరవండి."

"నావల్ల కాదన్నయ్యా."

"నీళ్ళు తాగు. వదినని ఇమ్మను."

"నువ్వు చెప్పాలనుకున్నది చెప్పావుగా. చెప్పాక కూడా నేనెలా పాడను?"

"ఆ కేకలు వినపడట్లేదట్రా? పాడు చిన్నోడా. వాళ్ళు నన్నే అడుగుతున్నారు."