అడగని నలభై వ్యాగన్లలో గోధుమలు నింపిన సంగతి

నా పేరు మార్లీస్ టోర్గర్‌సన్. వయసు యాభై ఎనిమిది. నార్త్ డకోటాలోని హెల్విక్ ఊళ్లో రైతు సహకార సంఘం ధాన్యపు గోదాముకు మేనేజరుని. ప్రైరీ సెంట్రల్ రైలు కంపెనీ నామీద ఇచ్చిన ఫిర్యాదు గురించి ఇక్కడి పోలీసు అధికారి, డిప్యూటీ షెరీఫ్ గారు అడిగితే జరిగింది చెబుతున్నాను.

మా గోదాముకు వచ్చే పట్టాలు ఆ కంపెనీవి. ముప్పై ఏళ్లుగా వాళ్లు పంపితేనే వ్యాగన్లు. ఈసారి కోతలయ్యాక ఆరు వారాలు రోజూ ఫోన్ చేశాను. రోజూ లేవన్నారు. గోదాము నిండిపోయి గోధుమలు బయట నేలమీద పోశాం. శుక్రవారం వాన అన్నారు.

ఇంతలో ఆ పట్టాలమీద ఇంకో కంపెనీ కూడా రైళ్లు నడపవచ్చని ప్రభుత్వ బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. ఆ కంపెనీ మొదటి రైలు గురువారం మధ్యాహ్నం రెండింటికి వస్తుందని కబురొచ్చింది.

గురువారం ఉదయం 7:10కి ప్రైరీ సెంట్రల్ ఇంజను నలభై ఖాళీ వ్యాగన్లు తెచ్చి మా గోదాము లైనులో వదిలి వెళ్లిపోయింది. నేను అడగలేదు. అంటే ఆరు వారాలు అడిగాను, ఆ రోజు అడగలేదు.

వెనకే వాళ్ల యార్డు అధికారి డ్వేన్ ప్రూయిట్ వచ్చాడు.

"ఇవి మాకేనా డ్వేన్?" అన్నాను.

"కాదండీ. చోటు లేక ఇక్కడ పెట్టాం."

"రెండింటికి ఆ రెండో కంపెనీ రైలొస్తే ఎక్కడ నిలపాలయ్యా?"

"అది వాళ్ల తిప్పలు. పట్టాలు మావి గదా."

"ఎప్పుడు తీస్తారు?"

"ఖాళీ వ్యాగన్లకు తొందరేముందండీ? నింపినవైతే వెంటనే తీస్తాం."

ఆ మాట ఆయనే అన్నాడు. మా మనిషి ఎల్డన్ కూడా విన్నాడు. ఎల్డన్‌కు ఎడమ చెవి వినపడదు, కుడి చెవితో విన్నాడు.

డ్వేన్ వెళ్లిపోయాడు. 7:40కి గోదాములోని గోధుమలతో ఆ వ్యాగన్లు నింపడం మొదలుపెట్టాం. భోజనానికి కూడా ఆగలేదు. 12:50కి నలభయ్యో వ్యాగను మూత వేసి, వాళ్ల హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను.

"నలభై నింపేశారా? చాలా సంతోషం మేడమ్. ఇంజను పంపిస్తున్నాం," అంది అక్కడి అమ్మాయి.

ముప్పై ఏళ్లలో వాళ్ల ఇంజను గంటలో రావడం అదే మొదలు. 1:45కి లైను ఖాళీ అయింది. 2:05కి రెండో కంపెనీ రైలు వచ్చింది. చీకటి పడకముందే నేలమీది గోధుమలన్నీ అందులోకెక్కాయి. ఎల్డన్ ఆ చోటంతా చీపురుతో ఊడ్చాడు. ఊడవమని నేను చెప్పలేదు.

అనుమతి లేకుండా వ్యాగన్లు వాడుకున్నానని ఫిర్యాదు. వాడుకున్న మాట నిజమే. ఈ ఉదయం ఈ షెరీఫ్ ఆఫీసులో ఇదే బల్ల దగ్గర డ్వేన్ ఆ ఫిర్యాదుమీద సంతకం పెట్టి, కలం మూత పెడుతూ నావైపు వంగి నెమ్మదిగా అడిగాడు.

"మంగళవారానికి మీకెన్ని వ్యాగన్లు కావాలండీ?"

వాళ్లు నన్ను ఆ ప్రశ్న అడగడం కూడా అదే మొదలు. ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. నా ఇష్టంతోనే సంతకం చేస్తున్నాను.

(సం.) మార్లీస్ టోర్గర్‌సన్